చేతికిచ్చి పంపించే కాగితం

1946 ఫిబ్రవరి 22 నాటికి విశాఖపట్నం నేవీ స్థావరంలో సమ్మెకు దిగిన మూడు వందల మందికి పైగా నావికుల్ని అరెస్టు చేశారు. ఒక్క తుపాకీ కూడా పేలలేదు. అదే వారంలో బొంబాయి వీధులు నెత్తురోడాయి కాబట్టి చరిత్ర పుస్తకాలు బొంబాయి దగ్గరే ఆగిపోయాయి. విశాఖలో జరిగింది విశాఖలోనే చాలామందికి తెలియదు.

నేను భారత నౌకాదళంలో రైటర్‌గా పనిచేశాను. నావికుల సర్వీసు పత్రాలు రాయడం మా పని. సెలవులు, జీతాలు, శిక్షలు, ఏడాదికోసారి వేసే ప్రవర్తన మార్కు, అన్నీ మా చేతుల మీదుగానే పుస్తకాల్లోకి ఎక్కేవి. మనిషి బయటికి వెళ్లే రోజున చేతిలో పెట్టే డిశ్చార్జి కాగితం కూడా మేమే తయారు చేసేవాళ్లం. రిటైరయ్యాక మల్కాపురంలో ఇల్లు కట్టుకున్నాను. ఇక్కడి మాజీ సైనికులకు అర్జీలు రాసిపెడుతుంటాను. అందుకే 1946 సంగతి తలుచుకున్నప్పుడల్లా నా మనసు పోరాటం జరిగిన ఆ అయిదారు రోజుల మీద కన్నా, ఆ తర్వాత నావికుల చేతుల్లో పెట్టి పంపించిన కాగితాల మీదికే పోతుంది.

బయటివాళ్లకు ఈ కాగితం విలువ తెలియడానికి మా మల్కాపురం గురించి కొంచెం చెప్పాలి. ఒక పక్క హిందుస్థాన్ షిప్‌యార్డు, ఇంకో పక్క హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, అటు నేవల్ డాక్‌యార్డు, నౌసేనాబాగ్ క్వార్టర్లు, ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి ఆసుపత్రి. సింధియా నుంచి శ్రీహరిపురం దాకా ఏ వీధిలో చూసినా నేవీ నుంచో ఆర్మీ నుంచో వచ్చినవాళ్లు ఉంటారు. వీళ్లు పదిహేనేళ్లు సర్వీసు పూర్తి చేసి మంచి పేరుతో బయటికొస్తే పింఛను, క్యాంటీన్ కార్డు, వైద్యం, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషను ఉంటాయి. డిస్మిస్ అయితే పింఛను హక్కుగా రాదు. దుష్ప్రవర్తన వల్లనో అసమర్థత వల్లనో పంపించారని రాస్తే, 1979 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అతను ఉద్యోగ రిజర్వేషనుకు మాజీ సైనికుడి కిందికే రాడు. మంచు కొండల్లో పదేళ్లు కాపలా కాసినా సరే, చివరి గడిలో రాసిన రెండు మూడు మాటలే లెక్క. షిప్‌యార్డు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగానికి వెళ్లినా ముందు ఆ గడినే చూస్తారు.

ఈ గడిని మార్పించుకోవాలనే ప్రయత్నానికి మన రేవులో 1946 నుంచీ చరిత్ర ఉంది.

విశాఖ రేవు 1933లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇది బంగాళాఖాతం మీద ముఖ్యమైన స్థావరం అయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. యుద్ధానికి ముందు రాయల్ ఇండియన్ నేవీలో రెండు వేల మంది కూడా లేరు. యుద్ధం ముగిసేనాటికి ఆ సంఖ్య పది రెట్లకు పైగా పెరిగింది. చదువుకున్న కుర్రాళ్లను సిగ్నల్సు, వైర్‌లెస్, ఇంజను పనులకు తీసుకున్నారు. మంచి జీతం, యుద్ధం తర్వాత మంచి ఉద్యోగం అని చెప్పి చేర్చుకున్నారు. యుద్ధం అయిపోగానే ఇంటికి పంపే జాబితాలు మొదలయ్యాయి. తిండి అధ్వానం. అదే పని చేసే బ్రిటిష్ నావికుడి జీతానికీ వీళ్ల జీతానికీ పొంతనే లేదు. అధికారుల నోటి నుంచి వచ్చే మాట మనిషిని మనిషిగా చూసే మాట కాదు. పైగా 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ మొదలయ్యాక బ్యారకుల్లో కూడా దేశం గురించిన మాటలు సాగాయి.

బొంబాయిలోని సిగ్నల్ శిక్షణ కేంద్రం హెచ్‌ఎంఐఎస్ తల్వార్‌లో బలాయ్ చంద్ దత్ అనే టెలిగ్రాఫిస్టు గోడల మీద ‘క్విట్ ఇండియా’, ‘జై హింద్’ అని రాసి ఫిబ్రవరి మొదట్లో అరెస్టయ్యాడు. తల్వార్ కమాండరు కింగ్ నావికుల్ని తిట్టిన తిట్లు ఇంకొంత రాజేశాయి. ఫిబ్రవరి 18న తల్వార్‌లో నావికులు అన్నం ముట్టలేదు. మర్నాడు ఎం.ఎస్. ఖాన్ అధ్యక్షుడుగా, మదన్ సింగ్ ఉపాధ్యక్షుడుగా సమ్మె కమిటీ ఏర్పడింది. మంచి తిండి, సమాన జీతం అడిగిన జాబితాలోనే ఆజాద్ హింద్ ఖైదీల విడుదల, ఇండొనేషియా నుంచి భారత సేనల ఉపసంహరణ కూడా ఉన్నాయి. కరాచీ, మద్రాసు, కలకత్తా, విశాఖపట్నం, ఒక్కో స్థావరం కలిసొచ్చింది. ఉధృతంగా ఉన్నప్పుడు 78 ఓడలు, 20 తీర స్థావరాలు, 20,000 మంది నావికులు సమ్మెలో ఉన్నారు. మన హెచ్‌ఎంఐఎస్ సర్కార్స్ వాటిలో ఒకటి. ఈనాటి ఐఎన్‌ఎస్ సర్కార్స్ అదే.

వల్లభ్‌భాయ్ పటేల్ సలహా మీద, కక్ష సాధింపు లేకుండా చూస్తామన్న భరోసా మీద, ఫిబ్రవరి 23న సమ్మె కమిటీ లొంగిపోయింది. బొంబాయి వీధుల్లో అప్పటికి రెండు వందల మందికి పైగా పౌరులు చనిపోయారు. పట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఫజల్ అలీ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. తిండి, జీతం, జాతి వివక్ష విషయాల్లో నావికుల బాధ నిజమేనని ఆ సంఘం ఒప్పుకుంది. నావికులకు మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు. చాలామందిని ములుంద్ శిబిరంలో పెట్టారు. 476 మందిని సర్వీసు నుంచి తీసేశారు. యూనిఫాం విప్పించి, రైలు టిక్కెట్టు చేతికిచ్చి ఊళ్లకు పంపించారు. ఏడాదిన్నరకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. భారత నౌకాదళమూ వాళ్లను తిరిగి చేర్చుకోలేదు, పాకిస్తాన్ నౌకాదళమూ చేర్చుకోలేదు.

అలా వచ్చినవాళ్లలో ఒకాయన మా వీధిలో ఉండేవారు. పేరు చెప్పను, ఆయన పిల్లలు ఇక్కడే ఉన్నారు. భీమిలి దగ్గరి పల్లెలో పుట్టి, యుద్ధంలో నేవీలో చేరి వైర్‌లెస్ నేర్చుకున్నారు. విశాఖలో అరెస్టయినవాళ్లలో ఉన్నారు. బయటికొచ్చాక రైల్వేకి పెట్టుకున్నారు, తపాలా శాఖకు పెట్టుకున్నారు. ‘ఇంతకుముందు ఎక్కడ చేశావు?’ అనే ప్రశ్న దగ్గర ప్రతిసారీ ఆగిపోయింది. చివరికి సింధియా షిప్‌యార్డు పెరుగుతున్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే పనిలో కుదిరారు. ఆ కాంట్రాక్టరు కాగితాలు అడగలేదు, చేతిరాత చూసి పని ఇచ్చాడు. పెళ్లి మాటల్లో కూడా నేవీలో చేసిన సంగతి చెప్పలేదట. భార్యకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

1972లో, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా, కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం పెట్టింది. నెలకు 200 రూపాయలు. ఏడాది ఆదాయం 5,000 దాటినవారికి లేదు. 1980 ఆగస్టు 1 నుంచి ఆదాయ పరిమితి తీసేశారు, స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ అని పేరు మార్చారు. ఆ పథకం కింద గుర్తించిన ఉద్యమాల్లో 1946 నావికుల తిరుగుబాటు కూడా ఉంది. పరిమితి తీసేశాక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. నేనప్పుడు సర్వీసులోనే ఉన్నాను.

“బాబూ, ఆర్నెల్లు జైల్లో ఉన్నోళ్లకేనంట గదా ఇది. నానంత కాలం ఉండనేదు. కొలువు పోయింది గానీ,” అన్నారు.

పథకం నిబంధనలు తెచ్చి చదివాను. మామూలుగా ఆరు నెలల జైలు అడుగుతారు, నిజమే. దాంతోపాటే, జాతీయోద్యమంలో పాల్గొన్నందుకు ప్రభుత్వ ఉద్యోగం పోగొట్టుకుని బతుకుతెరువు లేకుండా పోయినవారికి కూడా అర్హత ఉంది. అయితే ఉద్యోగం పోయిందనడానికి అధికారిక రుజువు కావాలి.

“తీసేసినప్పుడు చేతికిచ్చిన ఆ కాగితం ఉందా?” అని అడిగాను. ట్రంకు పెట్టె అడుగున, పాత చీర మడతలో ఉంది. కలరా ఉండల వాసన వేస్తోంది. మడతల దగ్గర చిరిగినా స్థావరం పేరు, తేదీ, తీసేసినట్టు రాసిన మాట కనిపిస్తున్నాయి.

అప్పుడు నాకు బోధపడింది. ముప్ఫై అయిదేళ్ల పాటు ఆయనకు ప్రతి తలుపూ మూసేసిన కాగితమే ఇప్పుడు స్వాతంత్ర్య సమరయోధుడని చెప్పే సాక్ష్యం. సిగ్గుపడి దాచుకున్నవాళ్లకు పనికొచ్చింది. కోపంతో చించేసినవాళ్లు, గుడిసెలో వానకు తడిసి పోగొట్టుకున్నవాళ్లు తోటి ఖైదీల ధ్రువపత్రాల కోసం ఊళ్లు తిరగాల్సి వచ్చింది. బొంబాయి నుంచి, కరాచీ నుంచి ఎటెటో చెదిరిపోయిన తోటివాడిని నలభై ఏళ్ల తర్వాత ఎక్కడని వెతుకుతారు?

పెద్దాయన అర్జీ నేనే రాశాను. సింధియా దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టైపు చేయించాం. కొన్నేళ్లకు మంజూరైంది. ఆయన సంతోషించారు. ఒక మాట మాత్రం అడిగారు: “నేవీ వాళ్లేటన్నారు?” ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఎందుకంటే ఈ పింఛను హోంశాఖ ఇస్తుంది. సర్వీసు పత్రం రక్షణ శాఖది. హోంశాఖ దండ వేసినంత మాత్రాన రక్షణ శాఖ పుస్తకంలో గడి మారదు. ఆయన స్వాతంత్ర్య సమరయోధుడిగా గౌరవం అందుకుని, సర్వీసు నుంచి తీసేసిన నావికుడిగానే చనిపోయారు.

నౌకాదళం తరువాతి కాలంలో వీళ్లను గుర్తుచేసుకుంది, కాదనను. రెండు టగ్గులకు బి.సి. దత్, మదన్ సింగ్ పేర్లు పెట్టారు. ముంబయి కొలాబాలో 2001లో స్మారకం వెలిసింది. 2022 రిపబ్లిక్ డే నౌకాదళ శకటం మీద 1946 తిరుగుబాటును చూపించారు. ఆ ఉదయం టీవీ ముందు కూర్చుని నేను ఏడ్చాను. ఇంతమందికి తెలిసిందన్న సంతోషంతో ఏడ్చాను. పేరుపేరునా ఆ 476 మందికి ఒక్కొక్క కాగితం రాలేదన్న బాధతోనూ ఏడ్చాను.

స్వతంత్ర భారతంలో సర్వీసు పత్రాన్ని నేరుగా సవాలు చేసే దారి చాలా నెమ్మదిగా తయారైంది. 1934 నాటి నౌకాదళ క్రమశిక్షణ చట్టం పోయి 1957లో నేవీ చట్టం వచ్చింది. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులకు పార్లమెంటు పరిమితులు పెట్టవచ్చంటుంది. కోర్టు మార్షల్ తీర్పుల మీద సుప్రీంకోర్టుకు మామూలుగా ఉండే ప్రత్యేక అనుమతి అప్పీలు కూడా 136వ అధికరణం కింద లేదు. మిగిలింది హైకోర్టులో రిట్టు. మల్కాపురం నుంచి హైదరాబాదుకు రాత్రి రైలెక్కి, వకీలుకు ఫీజు కట్టి, వాయిదా మీద వాయిదా వేయించుకుని తిరిగొచ్చినవాళ్లను ఎందరినో చూశాను.

2007లో సాయుధ దళాల ట్రైబ్యునల్ చట్టం వచ్చింది. 2009 నుంచి ట్రైబ్యునళ్లు పని మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచి కిందికి వస్తుంది. విశాఖ నుంచి దాదాపు 800 కిలోమీటర్లు. ఇందులో కొన్ని మెట్లున్నాయి. ముందు తన దళంలోనే పై అధికారులకు మొర పెట్టుకోవాలి. ఆరు నెలల్లో జవాబు రాకపోతే రానట్టే లెక్క. అక్కడి నుంచి ఆరు నెలల్లోపు ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని అడగాలి. ట్రైబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లకూడదని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అంది. రిట్టు అధికారం పోలేదని 2023లో ఇంకో తీర్పులో స్పష్టం చేసింది. ఆ నడుమ ఎనిమిదేళ్లలో వచ్చినవాళ్ల అర్జీలు రాస్తుంటే నాకు చేయి ఆడేది కాదు.

ఇప్పుడు మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఎర్ర సిరా సంగతి. ఆర్మీలో కొన్ని శిక్షల్ని పత్రంలో ఎర్ర సిరాతో రాస్తారు. అలాంటివి నాలుగు పడితే ఇంటికే అనే నమ్మకం యూనిట్లలో బలంగా ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మల్కాపురంలో ఆటో నడుపుకుంటున్న ఒకబ్బాయి ఇదివరకు ఆర్మీలో డ్రైవరు. సెలవు దాటి ఆలస్యంగా తిరిగొచ్చినందుకు నాలుగుసార్లు ఎర్ర సిరా పడింది. రెండుసార్లు తల్లి జబ్బు, ఒకసారి చెల్లి పెళ్లి, ఒకసారి తుపానుకు రైళ్లు ఆగిపోవడం. పదకొండేళ్ల సర్వీసు దగ్గర పంపించేశారు. పదిహేనుకు చేరలేదు కాబట్టి పింఛను లేదు. మొదటిసారి నా ఎదుట కూర్చున్నప్పుడు తల దించుకునే మాట్లాడాడు.

“మాస్టారూ, తప్పు నాదే గదా, ఏటని అడుగుతాం?” అన్నాడు.

వీరేంద్ర కుమార్ దూబే కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అతనికి చదివి వినిపించాను. నాలుగు ఎర్ర సిరా నమోదులున్నాయని లెక్కపెట్టి పంపించడం కుదరదు. 1988 డిసెంబరు 28 నాటి ఆర్మీ ఉత్తర్వు ప్రకారం ముందు నిష్పక్షపాతంగా విచారణ జరగాలి. ఎన్నేళ్లు చేశాడు, ఎంత కష్టమైన చోట చేశాడు, పింఛనుకు ఎంత దగ్గరలో ఉన్నాడు, ఇవన్నీ చూడాలి. ఆ కేసులో కోర్టు, పింఛనుకు కావలసిన సర్వీసు పూర్తయ్యేదాకా అతను ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కగట్టమంది. వెనకటి జీతం ఇవ్వలేదు గానీ పింఛను ఇప్పించింది. ఆ తీర్పు విన్నాక కుర్రాడు తలెత్తాడు. అతని అర్జీ ఇప్పుడు చెన్నైలో ఉంది. తల్లి వైద్యం చీట్లు, రైళ్లు రద్దయిన రోజుల పత్రికా వార్తలు, యూనిట్ నుంచి తెచ్చుకున్న శిక్షల నకళ్లు, అన్నీ జతచేశాం.

మా విశాఖ నుంచే 2017లో ఇంకో రకం కేసు దేశమంతా వినిపించింది. లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్న ఒక నావికుడిని ‘సేవలు ఇక అవసరం లేదు’ అనే నిబంధన కింద పంపించేశారు. ఆ ఒక్క వాక్యంలో సర్వీసు ఎలా చేశారన్నది లేదు, ఏ తప్పు చేశారన్నది లేదు. రైటర్‌గా నేను అలాంటి వాక్యాలు రాసినవాణ్ణి. కారణం చెప్పని కాగితంతో బయటి లోకంలో మనిషి ఎలా బతకాలో నిబంధన రాసినవారు ఆలోచించి ఉండాల్సింది.

మరో సంగతి ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. పింఛను రాని సైనికుల సర్వీసు పత్రాల్ని ఆర్మీ 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తుంది. పింఛనుదారుల పత్రాలు మాత్రం ఎక్కువ కాలం ఉంటాయి. అంటే ఎవరికైతే అన్యాయం జరిగిందో, ఎవరైతే ఆ గడి మార్పించుకోవాలో, వాళ్ల రుజువులే ముందు పోతాయి. నలభై ఏళ్ల క్రితం తీసేసిన తండ్రి గురించి ఇప్పుడు అడగడానికి వచ్చే కొడుకులు చాలాసార్లు ‘రికార్డు లేదు’ అనే జవాబుతో తిరిగివస్తారు. అందుకే కాగితాన్ని సిగ్గుపడి దాచకండి అంటాను. నకళ్లు తీయించండి, సమాచార హక్కు చట్టం కింద శిక్షల పత్రాలూ విచారణ పత్రాలూ ముందే తెప్పించుకోండి.

కాగితాన్ని ఎనభై ఏళ్ల తర్వాత కూడా సరిచేయవచ్చని అమెరికా చూపించింది. 1944 జులై 17న కాలిఫోర్నియాలోని పోర్ట్ చికాగో రేవులో ఓడలోకి బాంబులు ఎక్కిస్తుండగా పేలుడు జరిగి 320 మంది చనిపోయారు. ఎక్కువమంది నల్లజాతి నావికులు. బతికినవాళ్లను కొద్ది వారాలకే మళ్లీ అదే పనికి పంపితే 258 మంది భయంతో నిరాకరించారు. యాభై మందికి తిరుగుబాటు నేరం కింద శిక్షలు పడ్డాయి. సరిగ్గా ఎనభై ఏళ్లకు, 2024 జులై 17న, అమెరికా నౌకాదళ మంత్రి ఆ నావికుల్ని నిర్దోషులుగా ప్రకటించారు. అప్పటికి వాళ్లలో ఎవరూ బతికి లేకపోయినా, ఆ పని చేయాల్సిందేనని చేశారు. ఆ దేశంలో చెడ్డ డిశ్చార్జిని మార్చమని అడగడానికి 1944 నుంచే ప్రత్యేక బోర్డులున్నాయి. మనకు ట్రైబ్యునల్ రావడానికి అరవై ఏళ్లు పైగా పట్టింది.

మనం కూడా ఆ పని చేయవచ్చు. 1946లో తీసేసిన 476 మంది పేర్లు నౌకాదళ పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటాయి. ఆ నావికులు దేశం కోసం నిలబడ్డారని కేంద్రమే ఒప్పుకుని పింఛను ఇచ్చింది. అలాంటప్పుడు అదే కేంద్రం రక్షణ శాఖ తరఫున ఆనాటి తొలగింపుల్ని రద్దు చేస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. కుటుంబాలకు పేరుపేరునా గౌరవప్రదమైన డిశ్చార్జి పత్రం పంపాలి. విశాఖలో అరెస్టయినవారి జాబితాను తూర్పు నౌకాదళం ప్రకటించాలి. ఈ రేవులో ఓడ ఎక్కే కుర్రాడికి ఆ పేర్లు తెలియాలి.

ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ల కోసం ఇంకొకటి. ఎవరినైనా గడువుకు ముందు పంపించే రోజున, ఎందుకు పంపుతున్నారో వాళ్లకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. మొర ఎవరికి పెట్టుకోవాలో, ఎన్ని నెలల్లో పెట్టుకోవాలో, ట్రైబ్యునల్ ఎక్కడుందో అదే కాగితం మీద అచ్చువేయాలి. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో పింఛను లేనివాడికి కూడా ఒక కుర్చీ, ఒక న్యాయ సలహాదారు ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులరు చాలు. అప్పటిదాకా మా మల్కాపురంలో ఎవరు ఆ కాగితం పట్టుకుని వచ్చినా కూర్చోబెట్టి, చదివి, గడువు లోపల అర్జీ రాసి పంపిస్తాను. తలుపు తట్టడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.